కిట్ కారుకు వైరింగ్ హార్నెస్ కట్టడం: కాగితం మీద మొదలుపెట్టి చివరి ఫ్యూజు దాకా

విడిభాగాలతో ఇంట్లోనే కట్టుకునే కిట్ కారుకు ఛాసీ వెల్డింగు, సస్పెన్షన్, ఇంజన్ బిగింపు దాకా ధైర్యంగా చేసుకొచ్చినవాళ్లు కూడా వైరింగ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. ఎక్కువమంది అడిగేది "ఏ వైరు కొనాలి?" అని. వైరు కొనడం ఈ పనిలో నాలుగో మెట్టు. మొదటి మూడూ కాగితం, పెన్సిలు, తాడుతో అయ్యేవి. వాటిని దాటేసి నేరుగా వైరు చుట్ట విప్పితే హార్నెస్ (కారు వైర్లన్నీ కలిపిన కట్ట) రెండుసార్లు కట్టాల్సి వస్తుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది బ్రిటన్‌లో ఇళ్ల గ్యారేజీల్లో కట్టే, పాత లోటస్ సెవెన్ తరహా రెండు సీట్ల కారు. స్టీలు గొట్టాల ఛాసీ, ఫైబర్ ముక్కు, ఫైబర్ మడ్‌గార్డులు, మొదటి తరం మజ్దా ఎమ్ఎక్స్-5 నుంచి తీసిన 1.8 లీటర్ ఇంజన్. భారత్‌లో ఇలా ఇంట్లో కట్టిన కారుకు రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడం చాలా కష్టం. అందుకే మన దగ్గర ఇదే పని ఇంజనీరింగ్ కాలేజీల బాజా బగ్గీల్లో (విద్యార్థులు పోటీలకు కట్టే చిన్న బండ్లు), పాత జీపులకు కొత్త వైరింగ్ వేసేచోట కనిపిస్తుంది. సర్క్యూట్లు తక్కువైనా పద్ధతి ఇదే.

## 1. కొత్తది కట్టాలా, పాతదాన్ని కత్తిరించాలా?

దారులు మూడు. రెడీమేడ్ హార్నెస్ కొనడం, డోనర్ కారు (ఇంజన్ తీసుకున్న పాత కారు) హార్నెస్‌నే తగ్గించి వాడుకోవడం, మొత్తం కొత్తగా కట్టడం.

మా సలహా వీటిలో రెండింటి కలయిక. ఇంజన్ వైపు వైరింగ్ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరైన ఈసీయూ, సెన్సర్లు, ఇంజెక్టర్లు, కాయిల్స్) డోనర్‌దే ఉంచండి. లైట్లు, హారన్, వైపర్, డాష్‌బోర్డు, వెనక వైపు వైరింగ్ మాత్రం కొత్తగా కట్టండి. ఇంజన్ కప్లర్లను (వైర్లను కలిపే, ఊడదీసే ప్లగ్గులు) కంపెనీ మెషీన్ మీద క్రింప్ చేసి (పిన్నును వైరు మీద నొక్కి బిగించి), నీళ్లు చొరబడకుండా సీల్ చేసి ఉంటుంది. ఇంట్లో అంత శుభ్రంగా రావడం కష్టం. బాడీ హార్నెస్ సంగతి వేరు. అసలు కారు పొడవు, మీ కారు పొడవు ఒకటి కావు. ఎత్తి దించే హెడ్‌లైట్ల మోటార్లు, రేడియో, హీటర్ బ్లోయర్ లాంటి అక్కర్లేని సర్క్యూట్లు అందులో బోలెడు.

ఈ రెంటినీ ఒకే పెద్ద కప్లర్ దగ్గర, డాష్ వెనక కలపండి. రేపు ఇంజన్ దించాల్సి వస్తే ఆ కప్లర్ ఊడదీస్తే చాలు.

## 2. లోడ్ల జాబితా

కారులో కరెంటు తినే ప్రతి వస్తువునూ ఒక వరుసలో రాయండి. బల్బుకైతే వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మోటార్లకు లేబుల్ చూడండి, లేకపోతే బ్యాటరీకి నేరుగా కలిపి క్లాంప్ మీటరుతో కొలవండి. మన ఉదాహరణ కారుకు సుమారుగా:

- డిమ్ లైట్లు, 55 వాట్లు చొప్పున రెండు: ఒక్కోటి 4.6 ఆంపియర్లు
- బ్రైట్ లైట్లు, 60 వాట్లు చొప్పున రెండు: ఒక్కోటి 5 ఆంపియర్లు
- పార్కింగ్, టెయిల్, నంబరు ప్లేటు, 5 వాట్లు చొప్పున ఐదు: 2.1 ఆంపియర్లు
- బ్రేక్ లైట్లు, 21 వాట్లు చొప్పున రెండు: 3.5 ఆంపియర్లు
- హజార్డ్ వేసినప్పుడు నాలుగు ఇండికేటర్లు, రెండు పక్క బల్బులు: 7.8 ఆంపియర్లు
- వెనక ఫాగ్ లైటు, 21 వాట్లు: 1.75 ఆంపియర్లు
- రేడియేటర్ ఫ్యాన్: నడుస్తున్నప్పుడు 10 నుంచి 12 ఆంపియర్లు, మొదలయ్యే క్షణంలో రెండు మూడింతలు
- పెట్రోల్ పంపు: 5 నుంచి 7 ఆంపియర్లు
- హారన్, వైపర్: ఒక్కోటి సుమారు 5 ఆంపియర్లు
- ఈసీయూ, ఇంజెక్టర్లు, కాయిల్స్ కలిపి: సుమారు 10 ఆంపియర్లు

వర్షపు రాత్రి ఇవన్నీ ఒకేసారి నడుస్తున్నట్టు ఊహించి కూడండి. ఆ మొత్తం ఆల్టర్నేటర్ రేటింగ్‌లో మూడొంతులు దాటితే ఫ్యాన్ చిన్నదైనా పెట్టాలి, లైట్లు ఎల్ఈడీ అయినా చేయాలి.

## 3. వైరు మందం, ఫ్యూజు

ఫ్యూజు కాపాడేది వైరును, పరికరాన్ని కాదు. ఈ ఒక్కటి పట్టుబడితే సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి. లోడ్ కన్నా ఫ్యూజు పెద్దది, ఫ్యూజు కన్నా వైరు పెద్దది. ఎడతెగకుండా నడిచే లోడ్ ఫ్యూజు రేటింగ్‌లో మూడొంతులు దాటకూడదు.

బ్రిటన్‌లో దొరికే థిన్‌వాల్ (పలుచని తొక్క ఉన్న) ఆటో వైరు రేటింగులు ఇవి:

- 0.5 చ.మి.మీ.: 11 ఆంపియర్లు
- 1 చ.మి.మీ.: 16.5 ఆంపియర్లు
- 2 చ.మి.మీ.: 25 ఆంపియర్లు
- 3 చ.మి.మీ.: 33 ఆంపియర్లు

ఇవి విడిగా ఉన్న వైరుకు ఇచ్చే లెక్కలు. ఇరవై వైర్లు కట్టగా చుట్టి ఇంజన్ పక్కన పెడితే వేడి బయటికి పోదు, కాబట్టి అంచు దాకా వాడొద్దు. ఇళ్ల గోడల్లో వేసే వైరు మిగిలిందని దాన్ని కారులో వాడేయడం మన దగ్గర చాలాచోట్ల కనిపిస్తుంది. సాధారణ ఇంటి వైరు ఇన్సులేషన్ 70 డిగ్రీలకు తయారైంది, ఆటో థిన్‌వాల్ 100 డిగ్రీలు, ఆ పైన తట్టుకుంటుంది. ఎగ్జాస్ట్ పక్కన ఆ తేడా తెలిసొస్తుంది.

ఆంపియర్లు సరిపోయినా వోల్టేజీ పడిపోవచ్చు. 1 చ.మి.మీ. రాగి వైరు మీటరుకు సుమారు 0.0185 ఓమ్‌లు. వెనకున్న పెట్రోల్ పంపుకు 4 మీటర్ల వైరులో 7 ఆంపియర్లు వెళ్తే:

4 × 0.0185 × 7 = 0.52 వోల్టులు

ఎర్త్ (కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి) కూడా అంతే దూరం నుంచి తెస్తే మరో 0.52. పంపుకు వోల్టు పైగా తక్కువ అందుతుంది, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు పెట్రోల్ ప్రెషర్ తగ్గుతుంది. 2 చ.మి.మీ. వేస్తే నష్టం సగానికి వస్తుంది. హెడ్‌లైట్లలో ఇది కళ్లకే కనిపిస్తుంది: మామూలు ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ 10 శాతం పడితే వెలుగు దాదాపు 30 శాతం పోతుంది.

ఈ కారుకు సరిపోయే ఎంపిక:

- సెన్సర్లు, మీటర్లు, హెచ్చరిక దీపాలు: 0.5
- ఇండికేటర్లు, బ్రేక్, టెయిల్, ఫాగ్: 1
- హెడ్‌లైట్లు, పెట్రోల్ పంపు, హారన్, వైపర్: 2
- ఫ్యాన్: 2 లేదా 3, ఫ్యూజు 20 ఆంపియర్లు
- సెల్ఫ్ మోటారు: బ్యాటరీ ముందుంటే 25, వెనకుంటే 35 చ.మి.మీ.

డిమ్‌కు ఎడమ కుడి, బ్రైట్‌కు ఎడమ కుడి, మొత్తం నాలుగు ఫ్యూజులు, ఒక్కోటి 10 ఆంపియర్లు. రెండు లైట్లకూ కలిపి ఒకటే పెడితే అది కాలిన రాత్రి రోడ్డు మొత్తం చీకటి.

## 4. బొమ్మ, రంగులు, నంబర్లు

సర్క్యూట్‌కు ఒక కాగితం కేటాయించండి. మొత్తం కారును ఒకే కాగితం మీద గీస్తే రెండు రోజుల తర్వాత గీసినవాళ్లకే అర్థం కాదు. ప్రతి వైరుకూ నంబరు, రంగు, మందం, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ కప్లర్‌లో ఏ పిన్నో రాయండి.

రంగులకు సొంత పద్ధతి కనిపెట్టకండి. బ్రిటిష్ కార్లలో దశాబ్దాల పాటు నడిచిన లూకాస్ రంగులే వాడితే, రేపు బండి ఇంకొకరి చేతికి వెళ్లినా చదువుకోగలరు.

- బ్రౌన్: బ్యాటరీ నుంచి నేరుగా
- ఊదా: ఎప్పుడూ కరెంటు ఉండేది, ఫ్యూజు దాటాక
- తెలుపు: ఇగ్నిషన్
- ఆకుపచ్చ: ఇగ్నిషన్, ఫ్యూజు దాటాక
- నీలం మీద తెలుపు గీత: బ్రైట్. నీలం మీద ఎరుపు గీత: డిమ్
- ఎరుపు: పార్కింగ్, టెయిల్
- ఆకుపచ్చ మీద ఎరుపు: ఎడమ ఇండికేటర్. ఆకుపచ్చ మీద తెలుపు: కుడి
- ఆకుపచ్చ మీద ఊదా: బ్రేక్ లైటు
- తెలుపు మీద ఎరుపు: సెల్ఫ్ మోటారు సోలెనాయిడ్
- నలుపు: ఎర్త్

డోనర్ నుంచి వచ్చిన మజ్దా వైర్ల రంగులు వేరు. రెండూ కలిసే పెద్ద కప్లర్‌కు ఒక పట్టిక రాసి, ఫ్యూజు బాక్స్ మూత లోపల అతికించండి.

## 5. సామాన్లు

- బ్లేడ్ ఫ్యూజు బాక్స్, అవసరం కన్నా కనీసం నాలుగు అరలు ఎక్కువ ఉన్నది
- 12 వోల్టుల, 30 లేదా 40 ఆంపియర్ల రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్‌లు), కాయిల్‌కు డయోడ్ లేదా రెసిస్టర్ ఉన్నవి
- వాటర్‌ప్రూఫ్ కప్లర్లు: 1.5 సిరీస్ సూపర్‌సీల్ లేదా డాయిష్ డీటీ. వీటి పిన్నులు 13, 14 ఆంపియర్ల వరకే. ఫ్యాన్‌కు పెద్దవి తీసుకోండి
- ర్యాచెట్ క్రింపింగ్ ప్లయర్, మీ పిన్నులకు సరిపోయే డైతో
- మంచి వైర్ స్ట్రిప్పర్
- లోపల జిగురున్న హీట్‌ష్రింక్ స్లీవు, 3:1 రకం
- ఇంజన్ దగ్గరికి గుడ్డ టేపు (టేసా 51036 లాంటిది), మిగతా చోట్లకు జిగురు లేని హార్నెస్ టేపు
- రబ్బరు గ్రోమెట్లు (రంధ్రం అంచు వైరును కోయకుండా పెట్టే రింగులు), రబ్బరున్న పీ-క్లిప్పులు
- బ్యాటరీ దగ్గర పెట్టే మెయిన్ ఫ్యూజు
- మల్టీమీటర్, హోల్డర్‌తో 21 వాట్ల బల్బు ఒకటి (దాని పని చివర్లో వస్తుంది)

డబ్బు ఆదా చేయాల్సి వస్తే టేపులో, క్లిప్పుల్లో చేయండి, క్రింపింగ్ ప్లయర్‌లో వద్దు. ఎరుపు, నీలం, పసుపు ప్లాస్టిక్ లగ్గులకు వాడే ప్లయర్‌తో ఓపెన్ బ్యారెల్ (రెక్కలు తెరిచి ఉన్న) పిన్నులు నొక్కితే అవి చితుకుతాయి తప్ప వైరును పట్టవు. డాయిష్ సాలిడ్ పిన్నులకు నాలుగు వైపులా నొక్కే ప్లయర్ వేరే ఉంటుంది.

## 6. కారు మీదే తాడుతో కొలత

లైట్లు, ఫ్యూజు బాక్స్, ఈసీయూ, స్విచ్‌లు, ఫ్యాన్, పంపు అన్నీ తుది చోట బోల్టులతో బిగించాకే ఈ మెట్టు. "హారన్ తర్వాత చూద్దాం" అనుకుంటే సరిగ్గా ఆ హారన్ వైరే పొట్టిదవుతుంది.

లావుపాటి దారం ఒకటి తీసుకుని ఫ్యూజు బాక్స్ నుంచి ప్రతి పరికరం దాకా, అసలు హార్నెస్ వెళ్లే దారిలోనే, మలుపులతో సహా పరచండి. కొమ్మ చీలే ప్రతిచోటా టేపు ముక్క అంటించి పేరు రాయండి. ప్రతి కొసకూ 75 మి.మీ. అదనం ఉంచండి. ఛాసీ నుంచి ఇంజన్ మీదికి వెళ్లే కొమ్మకు ఇంకాస్త వదులు కావాలి, ఎందుకంటే రబ్బరు మౌంట్ల మీద ఇంజన్ ఊగుతుంది.

దారి ఎంచుకునేటప్పుడు:

- ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు కనీసం 100 మి.మీ. దూరం
- పెట్రోల్ పైపు, బ్రేకు పైపు ఉన్న క్లిప్పులోకే వైర్లను దూర్చొద్దు
- స్టీరింగ్ కాలమ్, పెడళ్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కదలికకు దూరం
- బానెట్, ముక్కు ఊడదీసేవైతే అక్కడ కప్లర్ తప్పనిసరి

తర్వాత దారాన్ని అలాగే తీసి ప్లైవుడ్ చెక్క మీద పరిచి, మలుపుల దగ్గర, చీలికల దగ్గర మేకులు కొట్టండి. హార్నెస్ అచ్చు తయారైనట్టే.

## 7. ఎర్త్: ఫైబర్ బాడీలో అసలు చిక్కు ఇక్కడే

స్టీలు బాడీ కారులో లైటు బోల్టు బిగిస్తే ఎర్త్ దానంతటదే దొరుకుతుంది. ఫైబర్ మడ్‌గార్డు మీద బిగించిన ఇండికేటర్‌కు ఎర్త్ ఎక్కడినుంచీ రాదు. ఫైబర్ మీదున్న ప్రతి లైటుకూ, హారన్‌కూ, నంబరు ప్లేటు దీపానికీ విడిగా నల్ల వైరు వేయాల్సిందే. లోడ్ల జాబితాలో ఒక్కో వస్తువుకు రెండు వైర్లని లెక్కేస్తే మర్చిపోరు.

ఎర్త్ పాయింట్లు నాలుగు చాలు: ముందు లైట్ల దగ్గర, డాష్ వెనక, ఇంజన్ బ్లాక్ మీద, వెనక. ఈసీయూ, సెన్సర్ల ఎర్త్‌లు కంపెనీ ఇచ్చినట్టే నేరుగా ఇంజన్‌కే వెళ్లాలి. వాటిని ఫ్యాన్ ఎర్త్‌తో కలపొద్దు. ఫ్యాన్ మొదలైనప్పుడల్లా సెన్సర్ రీడింగ్ ఎగిరిపడుతుంది.

పౌడర్ కోటింగ్ కరెంటును రానివ్వదు. ఎర్త్ పాయింట్ దగ్గర రూపాయి బిళ్లంత మేర లోహం మెరిసేదాకా గీకండి. లగ్గు, పళ్ల వాషరు, నట్టు బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు గానీ పెయింటు గానీ పూయండి. ముందే పూసి బిగిస్తే గీకి లాభం లేదు.

ఇంజన్ నుంచి ఛాసీకి లావుపాటి ఎర్త్ స్ట్రాప్ వేయడం మర్చిపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కరెంటంతా యాక్సిలరేటర్ కేబుల్ ద్వారానో, క్లచ్ కేబుల్ ద్వారానో తిరిగి వెళ్తుంది. కేబుల్ లోపలి పూత కరిగి గట్టిగా పట్టేస్తుంది. తీరా చూస్తే కేబుల్ చెడిందనుకుని కేబుల్ మారుస్తారు.

## 8. రిలేలు

పిన్నులు ఇలా: 30కి ఫ్యూజు నుంచి కరెంటు, 87 నుంచి లోడ్‌కు, 86కు స్విచ్ నుంచి, 85 ఎర్త్‌కు. డయోడ్ ఉన్న రిలేలో 85, 86 తారుమారైతే డయోడ్ నేరుగా షార్ట్ అవుతుంది. ఐదు కాళ్ల రిలేలో మధ్యది 87ఎ. రిలే పనిచేయనప్పుడు కరెంటు దాన్నుంచి వెళ్తుంది. లోడ్ పొరపాటున దానికి కలిస్తే స్విచ్ ఆపాక లైటు వెలుగుతుంది.

డిమ్, బ్రైట్, ఫ్యాన్, పంపు, హారన్‌లకు రిలేలు పెట్టండి. ఇండికేటర్, బ్రేక్ లైట్లకు అక్కర్లేదు.

పెట్రోల్ పంపు రిలే కాయిల్ వైరులో ఇనర్షియా స్విచ్ పెట్టండి, బండి గుద్దుకుంటే పంపు ఆగిపోతుంది. పంపును నేరుగా ఇగ్నిషన్‌కు కలపడం కొందరు చేసే అడ్డదారి. ఇంజన్ ఆగినా పంపు నడుస్తూనే ఉంటుంది, పైపు తెగి ఉంటే మంటకు పెట్రోల్ అందిస్తూనే ఉంటుంది. రిలేను ఈసీయూ చేతిలోనే ఉంచండి.

వెనక ఫాగ్ లైటు బ్రిటన్ ఐవీఏ పరీక్షలో (ఇలా విడిగా కట్టిన కారు రోడ్డెక్కే ముందు జరిగే తనిఖీ) చాలామందిని తిప్పి పంపే చిన్న సర్క్యూట్. పార్కింగ్ లైట్లతో అది వెలగకూడదు, హెడ్‌లైట్లు వేస్తేనే వెలగాలి. కరెంటును డిమ్ వైరు నుంచి తీసుకుంటే బ్రైట్ వేయగానే ఫాగ్ ఆరిపోతుంది. హెడ్‌లైట్ స్విచ్ దాటాక, డిప్పర్‌కు (డిమ్, బ్రైట్ మార్చే స్విచ్) ముందు నుంచి తీసుకుంటే రెంటిలోనూ సరిగ్గా ఉంటుంది. డాష్ మీద దానికో సూచిక దీపం కూడా కావాలి. హజార్డ్ మాత్రం తాళం తీసేసినా పనిచేయాలి, కాబట్టి దానికి ఊదా వైరు.

## 9. పరచడం, క్రింపింగ్

అచ్చు మీద పొడవైన, లావైన వైర్లు ముందు, సన్నవి తర్వాత పరచండి. ప్రతి వైరు రెండు కొసలకూ నంబరు రాసిన టేపు అంటించి, దానిమీద పారదర్శక హీట్‌ష్రింక్ వేయండి. సీఏఎన్ వైర్లుంటే (కారులోని కంప్యూటర్ల మధ్య సమాచారం మోసే జంట) రెంటినీ పురిపెట్టి వేయండి. క్రాంక్ సెన్సర్‌కు కవచమున్న వైరు ఉంటే ఆ కవచాన్ని ఒక్క కొసలోనే ఎర్త్ చేయండి.

క్రింపింగ్ వరుస ఇది:

1. ముందుగా రబ్బరు సీల్, బూట్, హీట్‌ష్రింక్ వైరులోకి ఎక్కించండి. మర్చిపోతే మంచి క్రింప్‌ను కోసి పారేయాలి.
2. పిన్ను తయారీదారు చెప్పినంతే తొక్క తీయండి, సాధారణంగా 5 నుంచి 7 మి.మీ.
3. పోగులు లెక్కచూడండి. 1 చ.మి.మీ. వైరులో 32 పోగులుంటాయి. మూడు తెగితే పదో వంతు రాగి పోయినట్టే.
4. పోగులను మెలిపెట్టకుండా నిటారుగా పిన్నులో పెట్టండి.
5. ముందు రెక్కలు రాగిని, వెనక రెక్కలు ఇన్సులేషన్ లేదా సీల్‌ను పట్టాలి. ప్లయర్ తనంతట తాను వదిలేదాకా నొక్కండి.

అయ్యాక దగ్గరగా పట్టుకుని చూడండి. ముందు రెక్కల అవతల రాగి కొసలు మిల్లీమీటరు మేర బయటికి కనిపించాలి. రెండు జతల రెక్కల మధ్య కిటికీలో సగం రాగి, సగం ఇన్సులేషన్ అంచు కనిపించాలి. రాగి మాత్రమే ఉంటే తొక్క ఎక్కువ తీశారు, ఇన్సులేషన్ మాత్రమే ఉంటే రాగి రెక్కల కింద తొక్క ఇరుక్కుంది.

ప్రతి సైజులోనూ మొదటి రెండు క్రింపులను లాగి పరీక్షించండి. 1 చ.మి.మీ. వైరు సుమారు 11 కిలోల లాగుడు తట్టుకోవాలి. విమానం ఎక్కేముందు సూట్‌కేసు తూచే కొక్కెం తూనిక దీనికి చక్కగా సరిపోతుంది.

క్రింప్ చేశాక దానిమీద టంకం పోయకండి. టంకం ఇన్సులేషన్ కిందికి పాకి, ఆ మేర వైరు కడ్డీలా బిగుసుకుంటుంది. కంపనాలకు సరిగ్గా ఆ గట్టిదనం ముగిసేచోట తెగుతుంది.

ఒకే వైరు నుంచి రెండు కొమ్మలు కావాలంటే బ్యారెల్ స్ప్లైస్ (వైర్లను కలిపి నొక్కే లోహపు ముక్క), పైన జిగురు స్లీవు. అతుకులన్నీ ఒకేచోట పడితే హార్నెస్ అక్కడ ముడిలా ఉబ్బుతుంది. 30, 40 మి.మీ. ఎడంగా జరపండి. వంపుల దగ్గర, కప్లర్‌కు జానెడు లోపల అతుకు వద్దు.

## 10. చుట్టడం, బిగించడం

చుట్టే ముందే అచ్చు మీద ప్రతి వైరునూ మల్టీమీటరుతో కొస నుంచి కొస దాకా చూడండి. చుట్టాక తప్పు దొరికితే విప్పడానికి రెట్టింపు సమయం పడుతుంది.

ఇండ్లలో వాడే జిగురు ఇన్సులేషన్ టేపు వద్దు. ఎండాకాలం దాటేసరికి జిగురు కరిగి, టేపు జారి, వైర్లన్నీ జిడ్డు పడతాయి. చుట్టు చుట్టుకూ సగం టేపు కప్పేలా చుట్టండి. కప్లర్‌కు 50 మి.మీ. ముందే ఆపేయండి, పిన్ను తీయడానికి కాస్త చోటుండాలి.

బ్రిటన్ ఐవీఏకు వైరింగ్‌ను ప్రతి 300 మి.మీ.కు ఒకచోట పట్టి ఉంచాలి. మీ కారుకు ఆ పరీక్ష లేకపోయినా ఆ కొలత పాటించండి. లోహంలోంచి వెళ్లే ప్రతి రంధ్రానికీ గ్రోమెట్. కప్లర్లు ఆకాశం వైపు నోరు తెరిచి ఉండకూడదు. వాటిలోకి వెళ్లే వైరు కాస్త కిందికి వేలాడి, తర్వాత పైకెక్కాలి. అప్పుడు వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

## 11. డోనర్ ఇంజన్ హార్నెస్ తగ్గించేటప్పుడు

డోనర్ కారు ఇంకా నడుస్తుండగానే ప్రతి కప్లర్‌కూ లేబుల్ కట్టి ఫొటోలు తీయండి. ఆ ఏడాది, ఆ మోడల్ సర్క్యూట్ బొమ్మ లేకుండా ఒక్క వైరూ కోయొద్దు. 1.6కూ 1.8కూ తేడాలున్నాయి.

చుట్టిన టేపంతా విప్పి, బొమ్మ పక్కన పెట్టుకుని, తీసేయాల్సిన వైరును రెండు కొసలా గుర్తించాకే తీయండి. కప్లర్ దగ్గర కచ్చుమని కోసి వదిలేస్తే కొస ఎక్కడో లోహానికి తగులుతుంది. పిన్నునే బయటికి లాగండి.

ఉంచాల్సినవి: ఈసీయూకు ఎప్పుడూ ఉండే కరెంటు, ఇగ్నిషన్ కరెంటు, మెయిన్ రిలే, పెట్రోల్ పంపు రిలే, ఫ్యాన్ రిలే, ఆర్పీఎమ్ మీటరు వైరు, టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ వైర్లు. డయాగ్నోస్టిక్ బాక్స్‌ను పారేయకండి. మొదటి తరం ఎమ్ఎక్స్-5లో ఇగ్నిషన్ వేసి, అందులోని ఎఫ్/పీ, జీఎన్‌డీ గళ్లను చిన్న వైరుతో కలిపితే పంపు నడుస్తుంది. ఇంజన్ తిప్పకుండానే పెట్రోల్ లీకేజీ చూసుకోవచ్చు.

రెండో తరం ఇంజన్ తెచ్చుకున్నవాళ్లకు ఒక మాట: దాని ఆల్టర్నేటర్ వోల్టేజీని ఈసీయూయే అదుపు చేస్తుంది. వేరే ఈసీయూ పెడితే ఆల్టర్నేటర్ సంగతి ముందే తేల్చుకోండి.

## 12. మొదటిసారి కరెంటు

మెకానిక్ షెడ్లలో టెస్ట్ ల్యాంపుగా వాడే ఆ 21 వాట్ల బల్బు ఇప్పుడు తీయండి. బ్యాటరీ నెగటివ్‌కూ కారు ఎర్త్ కేబుల్‌కూ మధ్య దాన్ని కలపండి. ఎక్కడ షార్ట్ ఉన్నా కరెంటు 2 ఆంపియర్లు దాటదు, కాలేది ఏమీ ఉండదు.

1. ఫ్యూజులన్నీ తీసేయండి, తాళం ఆఫ్. బల్బు వెలగకూడదు. వెలిగితే ఫ్యూజు బాక్స్‌కు ముందే షార్ట్ ఉంది.
2. ఫ్యూజు ఒకటి పెట్టండి, దాని స్విచ్ వేయండి. చిన్న లోడ్‌కు బల్బు మసకగా వెలుగుతుంది. పూర్తి వెలుగుతో వెలిగితే ఆపండి. హెడ్‌లైట్, ఫ్యాన్ లాంటి పెద్ద లోడ్‌కు మాత్రం షార్ట్ లేకపోయినా అలాగే వెలుగుతుంది, వాటి కప్లర్ తీసి వైరునే పరీక్షించండి.
3. అన్నీ అయ్యాక బల్బు స్థానంలో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి లైట్లు ఒక్కొక్కటే వేసి చూడండి.
4. చివరగా కేబుల్ నేరుగా. ఇంజెక్టర్లు, కాయిల్స్ కప్లర్లు తీసి, ఆయిల్ దీపం ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి.
5. ఇంజన్ నడిచాక 2000 ఆర్పీఎమ్ దగ్గర బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి.

మల్టీమీటర్ బీప్‌మన్నంత మాత్రాన సర్క్యూట్ బాగున్నట్టు కాదు. ఒక్క పోగు మిగిలి ఉన్నా బీప్ వస్తుంది. లోడ్ నడుస్తుండగా కొలవండి: బ్యాటరీ పాజిటివ్ నుంచి లైటు పాజిటివ్ దాకా నష్టం 0.5 వోల్టుల లోపు, ఎర్త్ వైపు 0.2 లోపు.

## 13. తరచూ వచ్చే లోపాలు

ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా మిణుకుమంటోంది. ఆ లైటుకు ఎర్త్ లేదు, కరెంటు పక్క బల్బులోంచి తిరిగి వెళ్తోంది. పాజిటివ్ వైపు వెతక్కండి.

ఇండికేటర్ గబగబా కొట్టుకుంటోంది. ఒక బల్బు పోయింది, లేదా ఎల్ఈడీలకు పాత ఫ్లాషర్ వాడారు. ఎల్ఈడీకి తగ్గ ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి.

ఛార్జింగ్ లేదు, ఆల్టర్నేటర్ మాత్రం కొత్తది. పాత తరహా ఆల్టర్నేటర్లకు మొదటి ఊపు ఛార్జింగ్ హెచ్చరిక దీపంలోంచే వస్తుంది. అక్కడ ఎల్ఈడీ పెడితే చాలినంత కరెంటు రాదు. 2.2 వాట్ల మామూలు బల్బు పెట్టండి, లేదా ఎల్ఈడీకి సమాంతరంగా 68 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్.

ఫ్యాన్ ఫ్యూజు అరల దగ్గర ప్లాస్టిక్ కరిగింది, ఫ్యూజు మాత్రం బాగానే ఉంది. లూజు కాంటాక్ట్. పెద్ద ఫ్యూజు వేస్తే పోదు, ఆ పిన్నును మార్చండి.

గుంతలో పడినప్పుడు మాత్రమే ఇంజన్ ఆగుతోంది. ఇనర్షియా స్విచ్, మెయిన్ రిలే సాకెట్, ఇంజన్ ఎర్త్, ఈ వరుసలో చూడండి. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో కప్లర్ దగ్గర వైరును మెల్లగా కదిపితే దొరుకుతుంది.

వారం నిలబెడితే బ్యాటరీ దిగిపోతోంది. తాళం తీసి, నెగటివ్ కేబుల్‌కు వరుసలో మల్టీమీటరు పెట్టి 10 ఆంపియర్ల రేంజ్‌లో చూడండి. 0.05 ఆంపియర్లకు మించితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి, అంకె పడిపోయిన సర్క్యూట్‌లోనే లోపం. మీటరు వరుసలో ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు లోపలి ఫ్యూజు ఆ క్షణమే పోతుంది.